భూమి చూపిస్తే చాలదు
సామూహిక సాగుకు భూమి చూపిస్తే నిర్వాసిత తల్లులూ యువతా తమ కాళ్లపై నిలబడతారని ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త అభిప్రాయంతో సగమే ఏకీభవిస్తాను, ఎందుకంటే ఆ భూమి ఎన్నాళ్లపాటు వారి చేతిలో ఉంటుందన్నదే అసలు ప్రశ్న. మా ఉండవల్లి వైపు ఇళ్లు పోగొట్టుకొని వచ్చిన కొందరు మహిళలు నోటిమాట కౌలుకు బీడు తీసుకొని, సర్కారు తుమ్మ కొట్టించి, పశువుల ఎరువు తోలి, నెలలోపే కోతకొచ్చే తోటకూర వేశారు. నేల దారికొచ్చాక యజమాని కౌలు పెంచడంతో వదులుకోవలసి వచ్చింది. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుగా గుర్తింపు కార్డు పొందాలన్నా యజమాని సమ్మతితో 11 నెలల ఒప్పందం ఉండాలి, ఆ సంతకానికేమో చాలామంది వెనకాడతారు. విత్తనాలూ శిక్షణా ఇచ్చే సంస్థలు ముందుగా కనీసం మూడేళ్ల రాతపూర్వక కౌలు కుదిర్చిపెట్టాలి.