దానికి కిస్‌మిస్ పెట్టకండి మహాప్రభో

వచ్చే శనివారం మా ఇంటికి ఒక చించిల్లా వస్తోంది. ఆ ముక్క ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టానో లేదో, వరసగా మొదలయ్యాయి. "అదేంటి, కొత్త కారా?" "ఇప్పుడే చూశాను, ఎలుకట!" "డబ్బులిచ్చి ఎలుకని తెచ్చుకోవడమేంటే, మా ఇంట్లో ఊరికే తిరుగుతున్నాయి, వచ్చి పట్టుకుపో." మా బాబాయి మాత్రం ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

సరే, ఎలుక జాతే. కాదనను. పెద్ద గుండ్రటి చెవులు, ఉడుత తోక, మబ్బు రంగు బొచ్చు. బరువు అరకిలో, మహా అయితే ముప్పావు కిలో. చూడగానే ఎవరికైనా ఎత్తుకుని నలపాలనిపిస్తుంది. గొడవంతా అక్కడే. పదేళ్ల మా అమ్మాయి ఏడాదిన్నరగా దీనికోసం నా ప్రాణం తీస్తుంటే వద్దు వద్దంటూ వచ్చి, ఈమధ్యే ఒప్పుకున్నాను. ఒప్పుకున్న దగ్గర్నుంచీ చదివిందీ విన్నదీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇదీ: ముద్దు ఎక్కువై చచ్చిపోయే జంతువులు కొన్ని ఉంటాయి, వాటిలో ఇది మొదటి వరసలో ఉంటుంది.

మన ఇళ్లల్లో ప్రేమంటే తిండే కదా. మా అత్తగారు తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి మా దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. రాబోయే ప్రాణి గురించి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తింటుంది?"

"గడ్డి అత్తయ్యా."

"గడ్డి సరే, ఇంకా?"

"గడ్డే."

"పాపం, ఒట్టి గడ్డేనా! నాలుగు కిస్‌మిస్‌లు, రెండు జీడిపప్పులు పెడితే ఏమవుతుంది అమ్మాయ్?"

ఏమవుతుందంటే, చచ్చిపోవచ్చు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో రాళ్ల మధ్య ముతక గడ్డి, ఎండు తుప్పలు నమిలి బతికిన జాతి ఇది. దాని పేగులు పీచుకే అలవాటు పడ్డాయి. తీపి, నూనెపప్పులు పడితే లోపల గ్యాస్ పట్టి పొట్ట ఉబ్బుతుంది. మనమైతే వాంతి చేసుకుని ఒడ్డున పడతాం, చించిల్లాకి వాంతి రాదు. పైగా దాని పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితేనే అరుగుతాయి. మెత్తటి తిండి మరిగి గడ్డి మానేసిందా, పళ్లు వంకర తిరిగి, వాటి వేళ్లు దవడలోకి దిగి, ఆకలున్నా నోరు ఆడించలేని స్థితికి వస్తుంది. అందుకే ఎప్పుడూ ముందు తిమొతీ అనే రకం ఎండుగడ్డి ఉండాలి, రోజుకి ఒకటి రెండు చెంచాల సాదా పెల్లెట్లు, అంటే గడ్డి పొడితో చేసిన గుళికలు, మంచి నీళ్లు. అంతే. ఒక పూట తిండి ముట్టకపోతే రేపు చూద్దాంలే అనుకోకూడదు, డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఆ డాక్టర్ కూడా కుక్కలూ పిల్లులూ మాత్రమే చూసేవాడైతే లాభం లేదు. ఇలాంటి వాటిని చూసే డాక్టర్‌ని వెతికి పట్టుకోవడానికే నాకు రెండు వారాలు పట్టింది. దగ్గర్లో అనుకున్నది నలభై నిమిషాల డ్రైవ్.

ఇదంతా అత్తగారికి చెప్పాను. ఒప్పుకోలేదు. "మాట్లాడలేని జీవం నోరు కట్టేస్తారా" అని రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

మూడో రోజు గడ్డి పెట్టె వచ్చింది. వాకిట్లోనే విప్పుతుంటే ఆవిడ వచ్చి ఒక గుప్పెడు తీసుకుని, పురి తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఎవడిచ్చాడే ఇది? కోసినాక వానలో తడిసింది. మా గేదె కూడా మూతి తిప్పుకుంటుంది" అన్నారు. అరచేతిలో దులిపితే బూడిదలాంటి దుమ్ము రాలింది. మంచి గడ్డయితే ఎండినా పచ్చదనం పోదట, కాడ విరిస్తే పుటుక్కుమనాలట, వాసన తీయగా ఉండాలట. పిల్లిపెసర ఎలా ఎండబెట్టేవాళ్లో, తడి ఆరకుండా గడ్డివాము వేస్తే లోపల ఎలా వేడెక్కిపోతుందో అరగంట చెప్పారు. నేను నాలుగు నెలలుగా కూడబెట్టిన గడ్డి పరిజ్ఞానం అంతా ఆవిడ ముక్కు ముందు నిలబడలేదు. పెట్టె వెనక్కి పంపేశాం. తర్వాత ఒక రైతు దగ్గర్నుంచి నేరుగా తెప్పించిన దాన్ని చూసి, "ఆఁ, ఇదీ గడ్డంటే" అన్నారు.

ఇంకో మాట కూడా ఆవిడే అడిగారు. "లూసర్న్ పెట్టకూడదూ? బలం కదా." ఇక్కడ ఆల్ఫాల్ఫా అని అమ్మేది అదే. పెరిగే పిల్లలకీ, కడుపుతో ఉన్నవాటికీ, పాలిచ్చేవాటికీ తప్ప మామూలు పెద్దవాటికి అందులో క్యాల్షియం ఎక్కువైపోతుందని చెప్పాను. "మేమూ పాడిగేదెలకేగా పెట్టేది, వట్టిపోయినవాటికి ఎవడు పెడతాడు" అన్నారు. ఆ రోజుతో కిస్‌మిస్ గొడవ సద్దుమణిగింది.

నా అసలు కోపం అత్తగారి మీద కాదు, షాపు మీద. పేరు చెప్పను. మొదట్లో అక్కడికెళ్లి "చించిల్లాకి కావాల్సినవన్నీ ఇవ్వండి" అన్నాను, అది నా తెలివితక్కువతనం. వాళ్లు అంటగట్టినవి: ప్లాస్టిక్ గూడు, అడుగున ఇనుప వల ఉన్న పంజరం, అరచేతి సైజు చక్రం, పైన చించిల్లా బొమ్మ వేసి లోపల ఎండుపళ్లు, గింజలు నింపిన ప్యాకెట్, ఒక డబ్బా ఇసుక. ప్లాస్టిక్‌ని కొరికి మింగితే పేగుకి అడ్డుపడుతుంది. వల మీద నడిస్తే పాదాలు పుళ్లు పడతాయి. చిన్న చక్రంలో వెన్ను వంగిపోతుంది, కనీసం 15 అంగుళాలది కావాలి. ఆ ప్యాకెట్ సంగతి పైన చెప్పాను. ఇసుకైతే బొచ్చులోకి దిగదు. దీనికి కావాల్సింది అగ్నిపర్వతపు రాయి నుంచి వచ్చే మెత్తటి పొడి, వారానికి రెండు మూడు సార్లు, పదీ పదిహేను నిమిషాలు. గిన్నెలో పోస్తే గాడిద బూడిదలో పొర్లినట్టు పొర్లి, ఒంటి జిడ్డు వదిలించుకుంటుంది. మనిషికి ఒక కుదురులో మామూలుగా ఒక్క వెంట్రుక మొలిస్తే దీనికి యాభై పైచిలుకు మొలుస్తాయి. అంత దట్టమైన బొచ్చు తడిస్తే తొందరగా ఆరదు, బూజు పడుతుంది. అయినా చూడండి, కుళాయి కింద పెట్టి షాంపూ రుద్దే వీడియోలు, కింద "సో క్యూట్" అని కామెంట్లు. ఆ వీడియోలు చూస్తే ఒళ్లు మండుతుంది.

అంత బొచ్చు ఉన్న జీవాన్ని టెక్సస్ ఎండలో పెంచడమేంటని మీరు అడగొచ్చు. నేనూ అదే అడిగాను. 1923లో చాప్‌మన్ అనే గనుల ఇంజినీర్ చిలీ నుంచి 11 చించిల్లాల్ని కాలిఫోర్నియాకి తెచ్చాడు, అదీ బొచ్చు వ్యాపారం కోసమే. కొండ మీంచి ఒకేసారి దించితే చస్తాయని నెలల తరబడి కొంచెం కొంచెంగా కిందికి దించి, ఓడలో వాటికి మంచుగడ్డలు పెట్టుకుంటూ తెచ్చాడట. అమెరికాలో ఇప్పుడు ఇళ్లల్లో ఉన్నవి చాలావరకు వాటి సంతానమే. వందేళ్లయినా వేడి తట్టుకోవడం మాత్రం నేర్చుకోలేదు. 80 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 27 డిగ్రీలు దాటితే వడదెబ్బే. చెవులు ఎర్రబడ్డాయంటే వేడెక్కిపోయిందని లెక్క. పోయిన జులైలో మా ఏసీ చెడిపోతే మెకానిక్ రెండు రోజులకి వచ్చాడు. ఇంట్లో 91. మేం మనుషులం కాబట్టి మాల్‌కి పోయి కూర్చున్నాం.

దాన్ని మాకిస్తున్నవాళ్లు దత్తత ఫారంలో సరిగ్గా అదే అడిగారు: ఏసీ పోతే ఏం చేస్తారు? అందుకని ఉత్తరం వైపు గది దానికిచ్చి, విడిగా ఒక చిన్న ఏసీ, మందపాటి కర్టెన్లు, వేడెక్కితే ఫోన్‌కి మెసేజ్ పంపే థర్మామీటర్ పెట్టాం. రెండు గ్రానైట్ పలకలు కూడా కొన్నాం, ఒకటి పంజరంలో, ఒకటి ఫ్రిజ్‌లో. "వేసంకాలం మధ్యాహ్నం మనం నాపరాళ్ల మీద పడుకోమూ, అలాగన్నమాట" అని మా అమ్మాయికి అత్తగారు వివరించారు. దానికి నాపరాయంటే ఏంటో ఇంకో పావుగంట.

మా ఆయనకి మాత్రం టెన్షన్ వేరే. చించిల్లా పదిహేనేళ్లు హాయిగా బతుకుతుంది, ఇరవై కూడా బతకొచ్చు. మా వీసా మూడేళ్లకోసారి. "మన గ్రీన్ కార్డు వచ్చేసరికి అది ముసలిదైపోతుంది" అని ఆయన జోకు. నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం పోయి అరవై రోజుల్లో సర్దుకోవాల్సి వస్తే, దాన్ని విమానంలో వేసుకుని మే నెల తెనాలికి తీసుకెళ్తామా? మా ఫ్రెండ్ ఒకావిడ, ఇక్కడే పుట్టి పెరిగినావిడ, మేం వెళ్లిపోవాల్సి వస్తే తను పెంచుతానంది. నోటిమాట చాలదని రాయించుకున్నాను. అది దొరికాకే ఫారం మీద సంతకం పెట్టాను. ఈ ఒక్క విషయంలో మన వీసావాళ్లతో గట్టిగానే చెప్తాను: ఆ కాగితం చేతిలో లేకపోతే తెచ్చుకోకండి, పిల్లలు ఎంత ఏడ్చినా సరే. మాకొచ్చే దాని వయసు నాలుగేళ్లు. ఎవరో పుట్టినరోజుకి కొనిచ్చి, పిల్లాడికి మోజు తీరాక వదిలేశారు.

మా అమ్మాయికి ఇంకా ఒళ్లో పడుకోబెట్టుకోవాలనే ఆశ. పగలంతా నిద్రపోతుంది, చీకటి పడ్డాక లేస్తుంది, గట్టిగా పట్టుకుంటే బొచ్చు కుచ్చు నీ చేతిలో వదిలేసి పారిపోతుంది అని రోజూ చెప్తున్నాను. వింటోంది. నమ్ముతోందో లేదో శనివారం తెలుస్తుంది.

నిన్న రాత్రి పదకొండింటికి నీళ్లు తాగడానికి లేస్తే ఆ గదిలో లైటు వెలుగుతోంది. అత్తగారు ఖాళీ పంజరం ముందు ముక్కాలిపీట వేసుకుని, గడ్డి పరక పరక దులిపి గంపలో సర్దుతున్నారు. నన్ను చూసి, "అమ్మాయ్, ఈ నీళ్ల సీసా కారుతోంది చూడు, పొద్దున్నే మార్పించు" అన్నారు.