సిరిమాను దారిని వారసత్వంగా గుర్తించాలి

విజయనగరం పాత పట్టణాన్ని నిజంగా చూడాలనుకునేవారు తెల్లవారుజామున ఐదున్నరకల్లా కోట దగ్గరికి చేరుకోవాలి. తొమ్మిది దాటితే ఆటోలు, సరుకు దించే వ్యాన్లు, దుకాణాల బోర్డులు, ఫ్లెక్సీలు కలిసి ఆ వీధుల ఆకారాన్నే కప్పేస్తాయి. షట్టర్లు ఇంకా తెరవని ఆ మొదటి గంటలో మాత్రం 1713లో పూసపాటి ప్రభువుల కాలంలో వెలసిన కోట, కన్యాశుల్కం నాటకం తెర లేచే బొంకులదిబ్బ, 1885 నాటి ఎనిమిది పలకల గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, పైడితల్లి అమ్మవారి గుడి అన్నీ ఒకే అల్లికలోని పోగులని తెలిసివస్తుంది. కొద్దిసేపట్లో నడిచి చుట్టిరాగల దూరంలో ఇంత చరిత్ర ఉన్న పట్టణాలు ఉత్తరాంధ్రలో అరుదు. దాన్ని కాపాడే తీరులోనే మనం పొరబడుతున్నామని నా అభిప్రాయం. విడివిడి కట్టడాలను లెక్కపెడుతున్నాం గానీ వాటిని కలిపే దారిని పట్టించుకోవడం లేదు.

ఆ దారి విలువ విజయనగరం జనానికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు జరిగే పైడితల్లి సిరిమాను ఉత్సవంలో, సిరిమాను అని పిలిచే దాదాపు 60 అడుగుల చింతమాను చివర పూజారి ఆసీనుడై, గుడి దగ్గరి నుంచి కోట వరకు మూడుసార్లు ఊరేగుతుంటే, పూసపాటి వంశీకులు కోట బురుజు మీది నుంచి దర్శించుకోవడం ఆనవాయితీ. అమ్మవారు రాజుగారి ఇంటి ఆడపడుచని, 1757 బొబ్బిలి యుద్ధం తరువాత పెద్దచెరువులో విగ్రహమై దొరికిందని తరతరాలుగా చెప్పుకుంటారు. కోట, చెరువు, గుడి, వాటి నడుమ వీధులు ఈ ఒక్క కథలో ఇమిడిపోయాయి. వీటిలో ఏ ఒక్కటి చెడినా మిగిలినవాటి అర్థం తరిగిపోతుంది. అంత పొడవైన మాను తిరగాలంటే వీధికి వెడల్పు, మలుపుకు చోటు ఉండాలి కాబట్టి, ఆ దారిని ఇన్నాళ్లూ కాపాడుతూ వచ్చింది ప్రధానంగా ఈ ఉత్సవమేనని చెప్పవచ్చు.

ఉత్సవంతో నేరుగా ముడిపడని కట్టడాలకు ఆ అండ లేదు. 1869లో దర్బారు కోసం కోటలో కట్టించిన మోతీమహల్ శిథిలమై, చివరికి కూల్చివేతకు గురైంది. మూడు లాంతర్ల కూడలికి ఆ పేరు తెచ్చిన పాత స్తంభాన్ని 2020లో తొలగించినప్పుడు పట్టణమంతా బాధపడింది. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం రక్షిత కట్టడాలుగా ప్రకటించిన వాటికే వర్తిస్తుంది. ప్రకటనకు నోచుకోని మేడలు, స్తంభాలు, పెంకుటిళ్లు ఎంత పాతవైనా, వాటి భవితవ్యం యజమాని ఇష్టానికో, ఆనాటి అధికారి ఆలోచనకో వదిలివేసినట్టే.

కూల్చకుండానే చెడగొట్టే మరమ్మతు మరొకటుంది. పొద్దుటి వెలుగు ఏటవాలుగా పడే వేళ ఇక్కడి పాత గోడను దగ్గరగా చూస్తే సంగతి బోధపడుతుంది. గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడ వానకు తడిసినా, ఎండకు ఆ తేమను తిరిగి బయటికి వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కుకుని, ఉప్పు పొంగి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పూత మాత్రం కొంతకాలం గట్టిగానే కనిపిస్తుంది కాబట్టి, గోడ పాతబడి కూలిపోయిందనే అందరూ అనుకుంటారు. ఇటుకల సందుల్లో మొలిచిన రావి మొక్కను పైపైన కోసేస్తే వేరు లోపల బలుస్తూనే ఉంటుంది. ఈ రెండు సంగతులూ తెలిసిన మేస్త్రీలకు పని కల్పించడం పెద్ద ఖర్చేమీ కాదు.

నిలిచిన కట్టడాలను చూస్తే వాడుకే వాటికి రక్ష అని తెలుస్తుంది. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా, తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడు సారథ్యంలో నడిచిన మహారాజా సంగీత కళాశాలలో నేటికీ పాఠాలు సాగుతున్నాయి. అందువల్లనే అది ఊరి మనసులో సజీవంగా ఉంది. పొద్దున్నే పూలబుట్టలు దించుకునేవారు, చోడి అంబలి అమ్మేవారు, పాలు పోయించుకునేవారు పాత వీధులకు చేస్తున్న మేలు కూడా అలాంటిదే. వారిని పంపించివేసి, రంగురంగుల దీపాలు పెట్టే సుందరీకరణ నాకు సమ్మతం కాదు.

పార్కింగుకు చోటు లేదని, రోడ్డు వెడల్పు చేయకపోతే బేరాలు సాగవని వ్యాపారులు అనడంలో న్యాయం ఉంది. సరుకు వాహనాలకు తెల్లవారుజామున వేళలు కేటాయించి, పార్కింగును కోట చుట్టుపక్కల వీధులకు దూరంగా ఏర్పాటు చేస్తే వారి ఇబ్బంది చాలావరకు తీరుతుంది. నగరపాలక సంస్థ చేయవలసిన అసలు పని మరొకటుంది. గుడి నుంచి కోట వరకు సిరిమాను తిరిగే దారిని, దానికి ఇరువైపులా మిగిలిన పాత ఇళ్లను, గంటస్తంభం పరిసరాలను ఒకే వారసత్వ ప్రాంతంగా మాస్టర్‌ప్లాన్‌లో గుర్తించి, అక్కడ కొత్త భవనాల ఎత్తుకు, బోర్డుల కొలతలకు హద్దు పెట్టాలి. పాత ఇంటిని సున్నంతో బాగుచేసుకునే యజమానికి ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి. కూల్చివేతకు అనుమతి అడిగిన ప్రతిసారీ ఆ సమాచారాన్ని ముందుగా ప్రజల ముందు ఉంచి, అభ్యంతరాలు విన్నాకే నిర్ణయం తీసుకోవాలి.