టీవీ మైకు గారికి ఒకటో తరగతి పంతులు రాయునది

శ్రీయుత టీవీ మైకు గారికి,

పర్లాకిమిడి నుంచి ఒకటో తరగతి పంతులు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం రోజూ రాత్రి తొమ్మిదింటికి తెలుస్తూనే ఉంది. ఒంట్లో బాగుంటే తప్ప అంతలేసి కేకలు రావు.

మేము మీకు గుర్తుండకపోవచ్చు. ఆగస్టు 29న మహేంద్రతనయ ఏరు దాటి మా బడికి వచ్చారు. ఏటికి అటు పాతపట్నం ఆంధ్ర, ఇటు మేము ఒడిశా. రావడానికి ఎంతసేపో పట్టదు. అయినా మిమ్మల్ని పట్టుకున్న అమ్మాయి గేటు దగ్గరే నిలబడి, ఏదో సముద్రం దాటి వచ్చినట్టు "పరాయి గడ్డ మీద తెలుగు వెలుగు" అని అందుకుంది. ఏ గడ్డండీ పరాయిది? మా తాత పుట్టిందీ పోయిందీ ఒకటే పెంకుటింట్లో. పుట్టినప్పుడు ఆ ఇల్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలోకి వచ్చింది. ఆయన చేసిన విదేశయానమల్లా గడప దాటి వీధి అరుగు మీద కూర్చోవడమే.

మీరు లోపలికి వచ్చేసరికి మేము అంకెల్లో ఉన్నాం. ఒడియాలో ఎక, దుఇ, తిని, చారి. మూడుని వాళ్లు "తిని" అంటారు. ఇది చెప్పిన ప్రతి ఏడాదీ ఎవరో ఒక తెలుగు పిల్ల "ఏటి తిని సార్?" అని అడగడం, క్లాసంతా నవ్వడం మామూలే. ఆ నవ్వులోనే తిని అంటే మూడు అని బుర్రలోకి ఎక్కేస్తుంది. ఇరవై ఏళ్లుగా నా దగ్గరున్న పెద్ద బోధనోపకరణం అదే. సరిగ్గా ఆ నవ్వు మొదలవుతుంటే మీ కెమెరా బాబు "సార్, బోర్డు మీద ఒడియా చెరిపేస్తారా? వ్యూయర్స్‌కి కన్ఫ్యూజన్" అన్నాడు. రెండు భాషల బడి మీద స్టోరీ చేయడానికి వచ్చి రెండో భాష కనపడకూడదన్నమాట. చెరిపేశాను. టీవీవాళ్లు అడిగితే కాదనే ధైర్యం హెడ్మాస్టారికే లేదు, నాకెక్కడిది!

తరవాత మిమ్మల్ని తీసుకెళ్లి ముందు వరసలో కూర్చున్న ఆరేళ్ల గుంట మూతి దగ్గర పెట్టారు. ఆ పిల్ల మిమ్మల్ని మొక్కజొన్న పొత్తు అనుకుందని నా అనుమానం, కొంచెం ముందుకి వంగింది కూడా. "అన్నం తిన్నావా పాపా?" అని అడిగింది మీ అమ్మాయి. ఆ పిల్ల "నేదు" అంది. మా వైపు నేదు అనే అంటారు. వాళ్లమ్మ అలాగే అంటుంది, వాళ్ల నాయనమ్మా అలాగే అంటుంది. ఏటికి అవతల శ్రీకాకుళం జిల్లాలోనూ బోలెడుమంది అలాగే అంటారు. "నేదు కాదమ్మా, లేదు అనాలి. ఏదీ, లేదు అను!" అని మీవాళ్లు దిద్దారు. అంతే, పిల్ల నోరు మూసేసింది. ఆ తరవాత తెలుగు తల్లి గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు, పద్యం పాడమన్నారు, చాక్లెట్ చూపించారు. కదల్లేదు.

ఆ రోజు మా ఊరే ఎందుకు వచ్చారో మీకు తెలుసనుకుంటాను. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన 1880లో పంతులుగా చేరింది ఈ ఊళ్లోనే. జనం నోట్లో ఉన్న తెలుగే బడిలోనూ పుస్తకంలోనూ ఉండాలని పండితులతో జీవితమంతా పోట్లాడిన మనిషి. కొండల మీది సవరలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ముందు తాను సవర నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. ఆయన పుట్టినరోజు నాడు, ఆయన పాఠం చెప్పిన ఊళ్లో, ఆరేళ్ల పిల్లని "నేదు" అన్నందుకు దిద్దారు. పైగా వెనక గోడ మీద ఆయన ఫొటో ఉంది. మీ ఫ్రేములో బాగా పడిందని విన్నాను.

రాత్రి స్క్రోలింగ్ వచ్చింది: "సరిహద్దులో చచ్చిపోతున్న తెలుగు." పైన ఆ పిల్ల మొహం. వాళ్ల నాయనమ్మకి చదువు రాదు, మనవడి చేత చదివించుకుంది. "బతికున్న గుంట మొహం కింద చచ్చిపోతున్న అని రాస్తారా, నీ బడి పాడుగాను" అని నన్ను తిట్టి, ఉప్పూ మిరపకాయలతో మూడుసార్లు దిష్టి తీసింది. మీకే తీసిందేమో కూడా, చెప్పలేను.

మర్నాడు మీ ఒడియా తమ్ముడు గారు దిగారు. మీ స్టోరీ చూసి పౌరుషం వచ్చిందట. "బోర్డు మీద తెలుగు చెరిపేయండి, మా ప్రేక్షకులకి అర్థం కాదు" అన్నారు. చెరిపేశాను. అదే పిల్ల. "తుమ నాఁ కణ?" అని పేరు అడిగారు. ముందురోజు దెబ్బ తిన్న పిల్ల పేరు చెబుతుందా! సాయంత్రానికి సరిహద్దులో ఒడియా కూడా పోయింది. ఒక్క పిల్ల నోరు మూసుకుంటే రెండు రోజుల్లో రెండు ప్రాచీన భాషలు కాలం చేశాయి. ఆశ్చర్యం ఏమిటంటే, ఇద్దరి కోసం చెరపగా చెరపగా బోర్డు మధ్యలో ఒక గుండ్రం మిగిలిపోయింది. తెలుగులో అది సున్న, ఒడియాలో ఠ. ఇద్దరూ దాన్ని మాదే అనుకుని వదిలేశారు.

మా మేనకోడలు కాలిఫోర్నియాలో స్పానిష్, ఇంగ్లీషు రెండూ నడిచే బడిలో చిన్నపిల్లల క్లాసుకి సాయం చేస్తుంది. ఇదంతా ఫోన్లో చెబితే పడీ పడీ నవ్వింది. వాళ్ల బడిలో మొదటి ఏడాది నూటికి 90 పాళ్లు స్పానిష్, 10 పాళ్లు ఇంగ్లీషు. ఏటేటా ఇంగ్లీషు పెంచుకుంటూ పోయి నాలుగైదు తరగతులకి సగం సగం చేస్తారట. కొత్త భాషలో పిల్ల నెలల తరబడి మాట్లాడకపోయినా టెన్షన్ పడరు, వింటోంది అని లెక్క వేసుకుంటారు. పిల్ల మొహం కెమెరాలో పడాలంటే అమ్మానాన్నల సంతకం కాగితం ఉండాలట. ఇక్కడ మీరు మా వాళ్లని అడిగితే సంతకం కాకపోతే వేలిముద్రయినా వేసేవారు, అడగలేదు గానీ.

అలాగని అక్కడివాళ్లంతా బుద్ధిమంతులని కాదు. 1998లో ఆ రాష్ట్రంలో 227 నంబరు ప్రతిపాదన మీద ఓట్లు పెట్టి, రెండు భాషల చదువుని దాదాపు మూలన కూర్చోబెట్టారు. 2016లో మళ్లీ ఓట్లు పెట్టి, 58 నంబరుతో లేపారు. మధ్యలో 18 ఏళ్లు. మూలన కూర్చోబెట్టినప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, లేపేసరికి ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టుకుంటూ ఉండి ఉంటుంది.

మా దగ్గర ఓట్లు అక్కర్లేదు. రాష్ట్రంలో తక్కువమంది మాట్లాడే భాషల పిల్లలకి చిన్న తరగతుల్లో అమ్మభాషలో చదువుకునే వసతి కల్పించాలని 1956లోనే రాజ్యాంగంలో 350ఎ అని ఒక ముక్క చేర్చారు. ఆ ముక్క సంగతి అడగడానికి మీకు రెండు నిమిషాలు చాలు. నా తెలుగు వాచకాలు ఏటి అవతల నుంచి తెచ్చుకున్నవి, మూడో తరం జిరాక్సు. అందులో ఆవు బొమ్మ గేదెలా ఉంటుంది, గేదె బొమ్మ అసలు కనపడదు. "గేదె" అని రాసి ఉంది కాబట్టి గేదె అని చెబుతున్నాను. ఒక్కసారి దాని మీద కెమెరా తిప్పమంటే "విజువల్ బాగోదు సార్" అన్నారు.

మీరు గేటు దగ్గర చివరి ముక్కలు చెప్పుకుంటున్నప్పుడు వెనక వంటశాలలో ఏం జరిగిందో చెప్పనా? ఆ మూగపిల్ల పళ్లెం పట్టుకుని వెళ్లి, వంటావిడతో "మావుసీ, టికే డాల్మా వెయ్యవా, నిన్న ఉప్పు నేదు" అంది. మావుసీ అంటే పిన్ని, టికే అంటే కొంచెం, డాల్మా అంటే కూరగాయలేసిన పప్పు, ఈ మూడూ ఒడియా. మిగతాది మా నేదుతో సహా తెలుగు. ఎక్కడా తడబడలేదు. అప్పుడు మీరు అక్కడుండాల్సింది. కానీ మీరుంటే ఆ పిల్ల డాల్మా అడిగేది కాదు.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. వారం నుంచి నా డస్టరు కనపడటం లేదు. నిన్న మధ్యాహ్నం దొరికింది. ఆ గుంటే దాన్ని వంటావిడ మూతి దగ్గర పట్టుకుని "చెప్పండి మావుసీ, మీకు ఎలా అనిపిస్తోంది?" అని అడుగుతోంది. సుద్దపొడి ముక్కులోకి పోయి ఆవిడ రెండుసార్లు తుమ్మి, "భల లాగుచి" అంది, బాగుందని.

ఇట్లు,
ఒకటో తరగతి పంతులు