క్లాసిక్ నవలలకి వంతులవారీ నీళ్ళు

పోయిన సంక్రాంతికి బరి దగ్గర పోగొట్టుకున్న డబ్బుల లెక్క ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితం వెనకాల ఖాళీగా ఉంది కదాని ఈ ఏడాది చదవాల్సిన క్లాసిక్ నవలల లిస్టు రాశానండి. మొత్తం పదకొండు. లిస్టు చూసి మా బావ "రెండు పక్కలా నష్టమే రాశావన్నమాట" అన్నాడు. బావలు అలాగే అంటారు, పట్టించుకోకూడదు. నాకు నలభై ఎనిమిది నిండాయి, షుగరొచ్చింది, కళ్ళజోడు రెండుసార్లు మారింది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు. ఇదేదో నాలుగు రోజుల సరదా అనుకునేరు, ఇది వరసగా ఆరో ఏడాది ప్లాను. చదవడం సంగతి తర్వాత, ప్లాను మాత్రం ఏడాదికేడాది బాగుపడుతోంది.

మాది పాలకొల్లు దగ్గర కాలువ గట్టు మీద ఊరు. గట్టున పెరిగినవాడికి ఏదన్నా పంచడం అంటే నీళ్ళు పంచడమే. కాటన్ దొర ధవళేశ్వరంలో 1847లో ఆనకట్ట మొదలెట్టి 1852కల్లా పూర్తి చేసేశాడు, ఇవాళ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాల దాకా ఆ నీళ్ళే తాగుతున్నాయి. ఆయనకి పట్టింది ఐదేళ్ళు. నాకు ఆరేళ్ళయినా టాల్‌స్టాయ్ 'యుద్ధం-శాంతి' అరవయ్యో పేజీ దాటలేదంటే తప్పు నాలో లేదు, పంపిణీలో ఉందని తేల్చాను. అందుకని ఈసారి చదువుకి కూడా వంతులవారీ విధానం పెట్టాను, దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదాట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఇరిగేషన్ వాళ్ళు ఒక్కో కాలువకి ఇన్ని రోజులని పెడతారే, అదే. ఎరువుల కొట్టు కట్టేసి, భోంచేసి, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదింపావు దాకా నా దగ్గరున్న నీళ్ళు నలభై ఐదు నిమిషాలు. సోమ మంగళ బుధ రష్యాకి, గురు శుక్ర అమెరికాకి, శని ఆది తెలుగుకి.

ఆ 'యుద్ధం-శాంతి' 1805 జూలైలో పీటర్స్‌బర్గులో అన్నా పావ్లోవ్నా అనే ఆవిడ ఇంట్లో పార్టీతో మొదలవుద్ది. ఆరేళ్ళ నుంచి నేనా పార్టీలోనే ఉన్నాను. జనం వస్తున్నారు, కూర్చుంటున్నారు, ఫ్రెంచిలో మాట్లాడుకుంటున్నారు, భోజనాలు ఎప్పుడు పెడతారో తెలీదు, మా వైపయితే ఈపాటికి మూడు బంతులు లేచిపోయేవి. రష్యన్ పేర్లకి భయపడి చాలామంది మానేస్తారంటారు గానీ అది మాత్రం నేనొప్పుకోను. మా ఊళ్ళో రేషన్ కార్డులో వెంకట సత్యనారాయణ అని ఉన్నవాడు ఇంట్లో సత్తిబాబు, చేలో సత్తి, ఎరువుల బాకీ అడగడానికి నేనెళ్తే ఊళ్ళోనే లేని మనిషి. అలాంటి ఊళ్ళో పుట్టినవాడికి నటాల్యా ఇల్యీనిచ్నా కాస్తా నటాషా అవడం ఒక లెక్కా.

అసలు బాధ శివారు. డెల్టాలో వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు, తూము పక్కన చేలున్నవాడికి ఎప్పుడూ నీళ్ళే, ఎక్కువైతే బోదెలోకి వదిలేస్తాడు కూడా, కాలువ ఆఖర్న ఉన్నవాడు రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కూర్చుంటే తెల్లారేసరికి చేలోకి బురద వస్తది. నవలకి కూడా మొదటి అధ్యాయాలు తూము పక్క చేలు, ఆఖరి అధ్యాయాలు శివారు. కందుకూరి వారి 'రాజశేఖర చరిత్రము' 1878లో వివేకవర్ధని పత్రికలో రావడం మొదలైంది, కథ కూడా ధవళేశ్వరంలోనే మొదలవుద్ది, అంటే సాక్షాత్తూ హెడ్డు దగ్గరన్నమాట, ఇంకేం కావాలి, ఆ మొదటి ప్రకరణం నాలుగేళ్ళు నాలుగుసార్లు తడిపాను, నీళ్ళు నిలబడిపోయి ముందుకి అడుగు పడట్లేదు. 'మోబీ డిక్' ఇంకా ఘోరం. 1851 నాటిది, 135 అధ్యాయాలు, ఆ తెల్ల తిమింగలం వేట మొదలయ్యేది 133లో. సరుకంతా తీసుకెళ్ళి శివారులో పెట్టాడు ఆ మెల్విల్. పులస కోసం మేమూ వరదలొచ్చే దాకా ఆగుతాం, కాదనను, కానీ పులసకి ముందు 132 అధ్యాయాలు ఎవరూ చెప్పరు, రేటు చెబుతారంతే.

ఇంక మా భీమవరం వైపు బాపిరాజు గారి 'నారాయణరావు', విశ్వనాథ వారి 'వేయిపడగలు', రెండిటికీ కలిపి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాళ్ళు 1934లో బహుమతి చెరిసగం పంచారు కదా. అంత పెద్దవాళ్ళే ఏది గొప్పో తేల్చుకోలేనప్పుడు నేనెవర్ని తేల్చడానికి, అందుకని శనివారం ఇదీ ఆదివారం అదీ సమానంగా మొదలెట్టాను, సమానంగానే ఆపాను.

ప్లానులో లోపం లేదండీ, అడ్డం పడేది గుర్రపుడెక్క. కాలువలో అది పైనుంచి చూస్తే పచ్చగా, ఊదారంగు పూలతో ముచ్చటగా ఉంటది, కింద నీళ్ళు మాత్రం కదలవు. నా నలభై ఐదు నిమిషాల కాలువలో గుర్రపుడెక్క పేరు సెల్‌ఫోను. రష్యా సైనికుడి టోపీ ఎలా ఉంటదో చూద్దామని తీస్తాను, పదింపావుకి ఎవడో ఆత్రేయపురంలో పూతరేకు తీసే వీడియో దగ్గర తేల్తాను. గోదాట్లో నీళ్ళు చాలనప్పుడు ఎగువనున్న సీలేరు జలాశయాల నుంచి తెప్పిస్తారు కదాని నేనూ తెప్పించాను, అంటే యూట్యూబులో పన్నెండు నిమిషాల్లో 'అన్నా కెరెనినా' కథ మొత్తం చెప్పే కుర్రాణ్ణి పెట్టుకున్నాను. ఆవిడ రైలు కింద పడుతుందని వాడు మూడో నిమిషంలోనే చెప్పేశాడు. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక, పంట వెయ్యం అని క్రాప్ హాలిడే ప్రకటించినట్టు నేను కూడా ఆ నవలకి ఈ ఏడాది హాలిడే ప్రకటించాను.

ఇలా ఉండగా ఏప్రిల్ నెలాఖరుకి కాలువలు కట్టేశారు, మళ్ళీ సార్వాకి, అంటే తొలకరి పంటకే వదిలేది. నేనూ కట్టేశాను. కట్టేసిన కాలంలో చేయాల్సింది మరమ్మతులు, పూడిక తీత, కాబట్టి ఒక ఆదివారం పొద్దున్నే పాత తువ్వాలు తలకి చుట్టుకుని పుస్తకాల బీరువా దులిపాను. మోబీ డిక్‌లో చెదలు పన్నెండో అధ్యాయం దాకా వెళ్ళాయి, నాకంటే ముందున్నాయి. 'వేయిపడగలు' కనపడలేదు. వెతుక్కుంటూ డాబా ఎక్కితే ట్యాంకు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ, ఎదురుగా పాత చీర మీద సగ్గుబియ్యం వడియాలు, ఓ చేతిలో కాకుల్ని తోలే కర్ర, ఒళ్ళో ఆ పుస్తకం, గాలికి పేజీలు లేవకుండా మీద అట్లకాడ. ఆఖరి పేజీల్లో ఉంది.

"అమ్మా, అది సార్వాలో నా వంతు పుస్తకం" అన్నాను.

"వడియాలకి కాపలా కూర్చున్నానురా, కూర్చున్నంతసేపూ చదివాను. ఇవాళ్టికి ఇరవయ్యారు రోజులు."

"ఏ ప్లానూ లేకుండానా?"

"ప్లానేంట్రా, కాకి వస్తే తోలడం, రాకపోతే చదవడం."

విశ్వనాథ వారు ఆ నవల మొత్తం 29 రోజుల్లో తమ్ముడికి చెప్పి రాయించేశారంటారు. నేను అంతకి రెండు రోజులెక్కువే పట్టి ప్లానుకి స్కేలు పెట్టి గళ్ళు గీశాను. ఈవిడేమో ఇరవయ్యారు రోజుల్లో కానిచ్చేసింది. ఏ విధంగా చూసినా ఇది అక్రమ వినియోగం కిందకే వస్తది, కాలువ కట్టేసిన టైములో, వంతు లేకుండా, మోటారు పెట్టి తోడేసుకోవడం. మామూలుగా అయితే మోటారు పట్టుకెళ్ళిపోతారు. ఇక్కడ మోటారంటే శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న రెండు కళ్ళు, పైగా అది నా డబ్బులతోనే చేయించాను, కాబట్టి ఈ ఒక్కసారికి నోటి మాటగా హెచ్చరించి వదిలేయాలని నిర్ణయించాను. హెచ్చరిక కూడా మనసులోనే చేశాను.

"ఆఖర్న ఏమవుద్దమ్మా?" అని అడిగాను, పర్యవేక్షణలో భాగంగా.

అమ్మ ఓ వడియం తిరగేసి చూసి, ఇంకా పచ్చిగానే ఉందని మళ్ళీ అలాగే పడేసి, "నీ వంతు ఎప్పుడన్నావు?" అంది.

"సార్వాకి నీళ్ళు వదిలాక."

"అయితే అప్పుడు తెలుస్తుందిలే" అని పుస్తకం చంకలో పెట్టుకుని, కర్ర నా చేతికిచ్చి, ఎండ తగ్గే దాకా కదలొద్దని చెప్పి కిందకి వెళ్ళిపోయింది.