సారుకి మరికాస్త వడ్డించండి

గోదావరి జిల్లాలో పుట్టినవాడు డబ్బు కట్టి గోదావరి భోజనానికి వెళ్ళడమంటే, సొంత బావిలో నీళ్ళకి కుళాయి పన్ను కట్టడం లాంటిది. ఆ పని నేను మొన్న మార్చిలో చేశాను. మనిషికి 2,800 చొప్పున ఇద్దరికి 5,600. పొద్దున్న ఏడింటికి రాజమండ్రిలో వ్యాను ఎక్కిస్తారు. ఎనిమిది మందికి మించి తీసుకెళ్ళరు. దారి పొడుగునా అక్కడి రుచులు చూపించి, మధ్యాహ్నం ఒక పల్లెటూరి ఇంట్లో భోజనం పెట్టించి, సాయంత్రానికి దింపేస్తారు. ఏ ఊరో, ఎవరిల్లో ముందు చెప్పరు. అది సర్‌ప్రైజట.

ఆ చుట్టుపక్కల మాకు బంధువులు లేక కాదు. ఉన్నారు కనకే ఈ ఏర్పాటు. ఒకరింట్లో కాఫీ తాగి రెండో ఇంట్లో తాగకపోతే, మూడో ఇంట్లో పంచాయతీ పెడతారు. పైగా అంతకు ముందు వారమే మా పిన్ని ఫోన్ చేసింది. బాబాయికి డెబ్బయ్యేళ్ళు నిండాయి, సత్యనారాయణ వ్రతం చేసుకుంటున్నాం, రమ్మని. ‘‘మార్చి కదా పిన్నీ, ఆఫీసులో ఆడిటింగ్. తల ఎత్తడానికి లేదు’’ అన్నాను. ఆడిటింగ్ అబద్ధం కాదు. కాకపోతే అది మా పక్క సెక్షన్‌లో.

వ్యానులో బెంగళూరు నుంచి వచ్చిన కొత్త జంట, డల్లాస్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన కూతురు, కెమెరా కర్ర పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు, మేము. ధవళేశ్వరం బ్యారేజీ మీదికి వచ్చేసరికి నాకు పూనకం వచ్చింది. గైడు కుర్రాడు ‘‘కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది’’ అంటే, ‘‘మనం దాటుతున్నది అది కాదు, తరవాత కట్టిన బ్యారేజీ’’ అని సవరించాను. డల్లాస్ ఆయన ‘‘ఇవాళ పులస పెడతారా?’’ అని అడిగితే, గైడు నోరు తెరవకముందే నేను అందుకున్నాను. గోదావరికి ఎర్రనీరు రావాలి, సముద్రంలో చేప ఏటికి ఎదురీదాలి, అప్పుడు గదా అది పులస అయ్యేది, మార్చిలో పులస అమ్మేవాడి దగ్గర ఏమీ కొనకూడదు అని. ‘‘ఈ సారుకి అన్నీ తెలుసండీ’’ అన్నాడు గైడు. వాడు విసుక్కున్నాడని నాకు సాయంత్రం దాకా తట్టలేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు. 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనన్న ముద్ర, వచ్చిందని గైడు చెప్పాడు, దానికి సవరణేమీ దొరకలేదు. బోర్లించిన కుండ, దాని కింద మంట. బియ్యప్పిండి పలచటి నీళ్ళలో గుడ్డ ముంచి ఒక్క లాగు లాగితే, కుండ మీద కాగితం కన్నా పలచటి రేకు లేస్తుంది. చేసేది ఒకావిడ. మాటలాడుతూనే నిమిషానికి ఎన్నో తీస్తోంది. నేనూ ఒకటి తీశాను. నా రేకు దోమతెరలా వచ్చింది, కుర్రాళ్ళు దాన్ని దగ్గర్నుంచి వీడియో తీశారు.

అక్కణ్ణించి కాలవ గట్టు మీద పావుగంట వెళ్ళి, వ్యాను ఒక డాబా వెనకవైపు ఆగింది. కొబ్బరిచెట్లు, చెప్టా, పనసచెట్టు. ఆ పనసచెట్టుకి ఒక వంకర కొమ్మ ఉంది. ఆ కొమ్మ మీంచి పడి, ఏడో తరగతిలో నేను చెయ్యి విరగ్గొట్టుకున్నాను.

‘‘ఏవండీ, ఇది మీ పిన్నిగారి...’’ అంది మా ఆవిడ.

పెంకుటిల్లు తీసేసి డాబా వేశారని విన్నాను గాని, చూడ్డానికి ఎప్పుడొచ్చాను గనక. వ్యానులో ఉండిపోదామని సీట్లోకి జారేలోపే గుమ్మంలోంచి పిన్ని వచ్చింది. అందరినీ ‘‘ఆయ్, రండి రండి’’ అని పిలిచింది. నన్ను చూసింది. రెప్ప కూడా వెయ్యకుండా రెండు చేతులూ జోడించింది.

‘‘నమస్కారమండి సారూ. మాది చిన్న ఇల్లు, సర్దుకోవాలి.’’

తిడితే కాళ్ళమీద పడిపోదును. పిన్ని ‘మీరు’ అంటే ఏ కాలు పట్టుకోవాలి? మా ఆవిడ నన్ను అక్కడ వదిలేసి సూటిగా వంటింట్లోకి పోయింది. కోడలికి క్షమాపణ రెండు నిమిషాల్లో దొరికినట్టుంది, లోపల్నుంచి నవ్వులు. వరండాలో పడక కుర్చీలో బాబాయి కళ్ళజోడు సవరించుకుని, ‘‘ఈ బాబుని ఎక్కడో చూసినట్టుందే’’ అన్నాడు. ‘‘టీవీలో అయ్యుంటుంది లెండి’’ అంది పిన్ని.

భోజనానికి ముందు పనసపొట్టు కొట్టే ప్రదర్శన. ‘‘మా సారు చేస్తారండీ, ఆయనకి అన్నీ తెలుసు’’ అన్నాడు గైడు. పిన్ని కత్తి అందించింది, లేత పనసకాయ ముందు పెట్టింది. ‘‘చెయ్యండి సారూ. మాకూ చూసినట్టుంటుంది’’ అంది. నేను చొక్కా చేతులు మడిచి కూచున్నాను. కాయ చెక్కుతుంటే తెల్లటి పాలు కారాయి. కత్తి పిడి అరచేతికి అంటుకుంది. ఇంకో చేత్తో లాగబోతే ఆ చెయ్యి అంటుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ పని మొదలెట్టేముందు చేతులకి నూనె రాసుకోవాలి. పనస జిగురు నీళ్ళకి పోదు, సబ్బుకి పోదు. మొహం మీద చెమట తుడుచుకుంటే కనుబొమ కూడా వచ్చి చేరింది. కెమెరా కుర్రాళ్ళు ఇంకా దగ్గరికొచ్చారు.

‘‘నూనె రాసుకోరాండీ?’’ అని అడిగింది డల్లాస్ ఆయన కూతురు.

‘‘సారుకి తెలీదనుకోలేదమ్మా’’ అంది పిన్ని.

అందరూ పంక్తిలో కూచున్నాక, గిన్నెలో కొబ్బరినూనె పట్టుకుని నా పక్కన చతికిలబడింది. ఒక్కో వేలూ పట్టుకుని, చిన్నప్పుడు తల అంటినట్టే, గోళ్ళ సందుల్లో కూడా రుద్దింది. ‘‘వెధవా’’ అంది, ఎవరికీ వినిపించకుండా. ఆ రోజంతా నేను విన్న మొదటి ప్రియమైన మాట అది.

లేచి మళ్ళీ గరిటె పట్టుకునేసరికి మళ్ళీ సారునే. ముద్దపప్పు, నెయ్యి, ఆవపెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, గుమ్మడికాయ దప్పళం. ‘‘ఇది కంద బచ్చలండి, మీ హైదరాబాదులో దొరకదేమో. సారుకి మరికాస్త వడ్డించండి.’’ వద్దనడానికి చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే పడింది. మిగతావాళ్ళు మజ్జిగ దాకా వచ్చేసరికి నేనింకా దప్పళంలో ఉన్నాను. పంక్తి లేచిపోయాక కూడా నా విస్తరి ముందు నుంచి పిన్ని కదల్లేదు.

వెళ్ళేటప్పుడు గైడు అందరికీ కాగితాలు పంచాడు. ఆతిథ్యానికి ఎన్ని నక్షత్రాలని. అయిదూ వేసి, మరో రెండు నేను సొంతంగా గీశాను. రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర అందరూ దిగారు, నేను దిగే స్థితిలో లేను.

రాత్రి రైలు ఎక్కి బెర్తు మీద వాలానో లేదో ఫోన్ మోగింది.

‘‘ఏరా, ఆడిటింగ్ అయిందా?’’

‘‘పిన్నీ, అదీ...’’

‘‘నాదీ అయింది. ఆ వ్యాను వాళ్ళు నాకు విస్తరికి 400 ఇస్తారు, మీ ఇద్దరికీ ఇచ్చారు. లెక్క చూస్తే ఒక తేడా వచ్చింది. నువ్వొక్కడివే రెండు విస్తళ్ళ అన్నం తిన్నావు. ఆ 400 నీ పేర రాసుకున్నాను. ఉగాదికి వచ్చి ఇచ్చుకో.’’