మనుషులు లేని క్లబ్బు

ఐదేళ్లు కూడా నిండకుండా ముగిసిపోయిన ఒక ఫుట్‌బాల్ క్లబ్బు వరసగా నాలుగు ఎఫ్‌ఏ కప్పులు (దేశవాళీ నాకౌట్ టోర్నీ), 1962-63లో లీగ్ టైటిల్ గెలిచిందంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఘనాలో రియల్ రిపబ్లికన్స్ సరిగ్గా అదే చేసింది. అయినా ఆ జట్టు పోయిన రోజున దాని కోసం నిలబడ్డవాళ్లు లేరు. ఎందుకు లేరన్నదే మాకు ముఖ్యం.

ఈ క్లబ్బు ఏ పేట కుర్రాళ్లో పెట్టుకున్నది కాదు. 1961లో అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా ఆశీస్సులతో, క్రీడాధికారి ఓహెనే జాన్ చేతుల మీదుగా పుట్టింది. స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్‌ను చూసి పేరు పెట్టారు. ఉన్న క్లబ్బుల నుంచి మంచి ఆటగాళ్లను ఏరి తెచ్చి ఇందులో వేశారు. జనం దాన్ని 'ఓసాజెఫో సొంత క్లబ్బు' అనేవాళ్లు, ఓసాజెఫో అంటే విమోచకుడు, ఎన్‌క్రుమాకున్న బిరుదు. ఏళ్ల తరబడి పెంచుకున్న ఆటగాణ్ని పైనుంచి వచ్చిన ఒక్క మాటతో పట్టుకుపోతే కుమాసీ నగరపు క్లబ్బు అసాంటే కొటొకో అభిమానులకు కడుపు మండదా? మండింది, అందులో వాళ్ల తప్పేం లేదు.

ఎన్‌క్రుమా ఉద్దేశాన్ని మేం తప్పుపట్టడం లేదు. 1957లో స్వాతంత్ర్యం వచ్చిన చిన్న దేశం ఆఫ్రికా మొత్తం ముందు తలెత్తుకు నిలబడాలంటే ఫుట్‌బాల్ కంటే దగ్గరి దారి లేదని ఆయన నమ్మాడు, 1963లో, 1965లో ఘనా ఆఫ్రికా కప్పు గెలిచింది కూడా. కానీ ఆఫ్రికా క్లబ్బుల మొట్టమొదటి ఛాంపియన్‌షిప్‌లో రిపబ్లికన్స్ సొంతగడ్డ, రాజధాని అక్రాలోనే సెమీఫైనల్లో కామెరూన్ జట్టు ఒరిక్స్ డువాలా చేతిలో ఓడింది.

బాబా యారా సంగతి తలుచుకుంటేనే మనసు బరువెక్కుతుంది. గుర్రపు పందేల్లో జాకీగా మొదలై, కొటొకోలో పేరు తెచ్చుకున్న వింగర్, అంటే మైదానం అంచు వెంట దూసుకెళ్లి దాడి చేసే ఆటగాడు. అతన్నీ రిపబ్లికన్స్‌లోకి తెచ్చారు. 1963 మార్చి 24న క్పాండులో మ్యాచ్ ఆడి తిరిగొస్తుంటే క్పేవే దగ్గర బస్సు ప్రమాదం జరిగింది, అతని వెన్నెముక దెబ్బతింది. ఇంగ్లండ్ పంపి వైద్యం చేయించినా కాళ్లు తిరిగి రాలేదు. ఆ ఏడాది చివర్లో దేశం ఆఫ్రికా కప్పు ఎత్తేసరికి, దేశంలోకెల్లా గొప్ప వింగర్ చక్రాల కుర్చీలో ఉన్నాడు. 1969 మేలో కన్నుమూశాడు.

1966 ఫిబ్రవరి 24న సైన్యం, పోలీసులు ఎన్‌క్రుమాను దించేశారు, దాంతో క్లబ్బూ పోయింది. ఆటగాళ్లు పాత క్లబ్బుల దారి పట్టారు. కొటొకో మాత్రం ఈనాటికీ ఉంది. కుమాసీలో అది ఆడే స్టేడియానికి బాబా యారా పేరు పెట్టారు.