ఫెడరలిజం ఢిల్లీ దగ్గరే ఆగిపోవాలా?

విజయవాడ, గుంటూరు వైపు ఫెడరలిజం, అంటే కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య అధికారాల పంపకం మాట ఎత్తితే సంభాషణ నేరుగా 2014కి వెళ్లిపోతుంది. ఆ ఏడాది జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు అదే బిల్లును ఆమోదించింది. మరి మమ్మల్ని అడగడం ఎందుకన్న కోపం ఇంకా చల్లారలేదు.

కొత్త రాష్ట్రాల ఏర్పాటు గురించి చెప్పే రాజ్యాంగం మూడో అధికరణ అసెంబ్లీని అడగమంటుంది, ఒప్పించమనదు. 1955లో రాజ్యాంగ అయిదో సవరణ అభిప్రాయం చెప్పడానికి గడువు కూడా పెట్టింది. ఆలోగా అసెంబ్లీ ఏమీ చెప్పకపోయినా బిల్లు ముందుకెళ్తుంది. బొంబాయి రాష్ట్ర విభజనపై వచ్చిన బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు కూడా అసెంబ్లీ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని తేల్చింది.

ఇది రాష్ట్రాలకు అవమానమని మనవాళ్ల వాదన. కాదనను. కానీ 294 సీట్ల సభలో తెలంగాణవి 119. అసెంబ్లీ సమ్మతి తప్పనిసరి అయితే తెలంగాణ ఎప్పటికి వచ్చేది? మనం కేంద్రం పెత్తనం అంటున్న అధికారమే అక్కడివాళ్లకు దారి చూపింది. రాష్ట్ర హక్కుల పేరుతో రాష్ట్రంలోని మెజారిటీకి వీటో ఇవ్వొచ్చా అన్నది నిజంగా చిక్కు ప్రశ్న. టీవీ డిబేట్‌లో ఇది తేలదు. నాగార్జున యూనివర్సిటీ వాళ్లూ హైదరాబాద్ వాళ్లూ ఎదురెదురుగా కూర్చుని, తెలుగులో, అందరూ చదవగలిగేలా వాదించుకోవాలి. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఎక్కడ ఒప్పుకోలేదో రాసిపెట్టాలి.

కేంద్రం పన్నులపై అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలను రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదన్న సంగతి మన నాయకులందరికీ నోటికి వచ్చు. అది న్యాయమైన ఫిర్యాదే. అయితే రాష్ట్రం చేతిలో ఉన్న గుంటూరు కార్పొరేషన్ సంగతేంటి?

2005లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. మళ్లీ జరిగింది 2021లో. 2010లో పాలకవర్గం గడువు ముగిశాక, శివారు గ్రామాల విలీనమని, కోర్టు కేసులని నడిపించేశారు. పదేళ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలన. పట్టణ పాలక సంస్థల కోసం 74వ సవరణ రాజ్యాంగంలో చేర్చిన 243యూ అధికరణ ప్రకారం అయిదేళ్ల గడువు ముగిసేలోగానే ఎన్నిక జరగాలి. ఆ మధ్యలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే రెండయింది, గుంటూరుకు మాత్రం మేయర్ రాలేదు. ఢిల్లీ మన అసెంబ్లీని లెక్కచేయలేదని రోడ్డెక్కిన వాళ్లలో దీనిమీద గొంతెత్తినవాళ్లు ఎందరు? ఈ విషయంలో పార్టీలన్నీ ఆ తాను ముక్కలే.

నా మటుకు అసెంబ్లీకి వీటో వద్దు. సభ లేవనెత్తిన ముఖ్య అభ్యంతరాలకు, ఓటింగ్‌కు ముందే కేంద్రం కారణాలతో రాతపూర్వకంగా జవాబివ్వాలి. మునిసిపల్ ఎన్నికలు వాయిదా వేసే రాష్ట్రానికీ అదే రూలు పెట్టాలి. దీనివల్ల చిన్న ప్రాంతాల డిమాండ్లు ఇంకా సాగదీతకు గురవుతాయని హైదరాబాద్ నుంచి అభ్యంతరం రావచ్చు. 1955లో గడువు పెట్టింది ఆ సాగదీతను ఆపడానికే కాబట్టి, జవాబుకూ గడువు ఎంతుండాలో ముందు తేల్చాలి.